ఎర్రబండి కబుర్లు: ట్యాంకు నీళ్లు పది నిమిషాలే, చెరువెక్కడో చెప్పండి

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఫైర్ స్టేషన్లలో డ్రైవర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన మా శీర్షిక రచయిత కిందటి నెల పాతకాలపు ఫైరింజన్ల గురించి రాశారు. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మా తాతగారు రంగూన్ రేవులో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన ట్రంకుపెట్టెలో ఒక ఫొటో దొరికింది. ఫైరింజన్ మీద మనుషులు రెండు పక్కలా బయటికి తిరిగి కూర్చున్నారు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. ముందు పెద్ద గంట, వెనక ఎడ్లబండి చక్రాలంత చక్రాలున్న నిచ్చెన. ఇదేం బండి? మలుపుల్లో పడిపోరా?
– ఒక ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

జవాబు: పడిపోయేవాళ్లు మాష్టారూ. అందుకే ఆ రకం బాడీ కట్టడం మానేశారు. దాన్ని బ్రెయిడ్‌వుడ్ బాడీ అంటారు. జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అనే ఆయన 1824లో ఎడింబరోలో మునిసిపాలిటీ తరఫున మొదలైన ఫైర్ బ్రిగేడ్‌కి పెద్ద. తరవాత లండన్ వెళ్లి అక్కడి బ్రిగేడ్ నడిపాడు. 1861లో టూలీ స్ట్రీట్ గోదాములు తగలబడినప్పుడు గోడ కూలి మీదపడి పోయాడు. ఆయన కాలంలో ఇవి గుర్రపు బళ్లు. మధ్యలో హోసులు, అంటే నీళ్లు కొట్టే గొట్టాలు, పెట్టుకునే పొడవాటి పెట్టె, దాని మీద రెండు పక్కలా కూర్చునే చోటు. మనుషులు వీపులు కలిపి, రోడ్డు వైపు తిరిగి కూర్చునేవారు. మోటారు వచ్చాక కూడా ఆ అమరికనే మార్చకుండా ఛాసిస్ మీదకి ఎక్కించేశారు. గుర్రం పరుగుకి సరిపోయిన బల్ల మోటారు వేగానికి సరిపోతుందా? ఇత్తడి కమ్మీ మీద పట్టు తప్పితే అంతే సంగతులు. పైగా దారిలోనే కోటు బొత్తాలు పెట్టుకోవాలి, బెల్టు బిగించుకోవాలి, అదీ ఒంటిచేత్తో. 1930ల్లో మూసిన బాడీలు వచ్చాకే సిబ్బంది లోపల కూర్చోవడం మొదలైంది.

ఆ చక్రాల నిచ్చెనని వీల్డ్ ఎస్కేప్ అంటారు. బండి ఆగగానే దాన్ని వెనక నుంచి దించి, నలుగురైదుగురు తోసుకెళ్లి గోడకి చేర్చేవారు. సుమారు యాభై అడుగులు లేచేది. అంత బరువున్న నిచ్చెన్ని మోసుకెళ్లడం కుదరదు, అందుకే చక్రాలు.

మీ ఫొటో ఏనాటిదో తేలాలంటే మనుషుల్ని వదిలేసి టైర్లు చూడండి. లోపల గాలి లేని గట్టి రబ్బరు టైర్లయితే చాలావరకు 1920లు, అంతకు ముందువి. ఆ తరవాత రేడియేటరు మీద పేరు కనిపిస్తుందేమో భూతద్దం పెట్టి చూడండి. మెర్రీవెదర్, డెన్నిస్, లేలాండ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి కావడానికే ఎక్కువ వీలుంది. మెర్రీవెదర్ వాళ్లు 1904లో లండన్ పక్కనున్న ఫించ్‌లీ బ్రిగేడ్‌కి చేసిచ్చిన బండిలో ఒకే పెట్రోలు ఇంజను చక్రాల్నీ తిప్పేది, పంపునీ తిప్పేది. నా దృష్టిలో ఇప్పటి బళ్లకి అసలైన తాత అదే. డెన్నిస్ వాళ్ల మొదటి ఫైరింజన్ 1908లో బ్రాడ్‌ఫోర్డ్‌కి వెళ్లింది.

అలాంటి బండిని కళ్లారా చూడాలంటే ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. ఢిల్లీలో నేషనల్ రైల్ మ్యూజియంలో ఒకటుంది. 1914లో మాంచెస్టర్ పక్కనున్న సాల్‌ఫోర్డ్‌లో జాన్ మోరిస్ కంపెనీ తయారుచేసింది. పనిచేసింది మాత్రం మన నైజాం స్టేట్ రైల్వేలో. పిల్లల్ని ఢిల్లీ టూరుకి తీసుకెళ్తే ఎర్రకోటతో పాటు దాన్ని కూడా చూపించండి. అందరూ ఇత్తడి తళతళ చూసి వచ్చేస్తారు. మీరు మాత్రం పంపుకి నీళ్లు లాక్కునే గొట్టం ఎక్కడ తగిలిస్తారో వెతకండి. ఎందుకో కింద రాజాం జవాబులో ఉంది.

ప్రశ్న: మొన్న వేసవిలో మా ఊళ్లో గడ్డికుప్పలు అంటుకున్నాయి. ఫైరింజన్ వచ్చింది, పది నిమిషాలు కొట్టింది, నీళ్లయిపోయాయన్నారు. మళ్లీ నింపుకొచ్చేసరికి మిగిలినవీ బూడిదయ్యాయి. సగం ట్యాంకుతో వస్తారని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, రాజాం దగ్గర పల్లె

జవాబు: "ఏటి బాబూ, నీల్లు లేకుండా ఒచ్చినారేటి?" ఈ మాట ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పడ్డాను. మీ కోపం న్యాయమే. లెక్క మాత్రం వేరు, కాస్త ఓపిగ్గా చూడండి.

మన స్టేషన్లలో మామూలుగా కనిపించే వాటర్ టెండర్ ట్యాంకు 4,500 లీటర్లు. దానికున్న పంపు నిమిషానికి 1,800 లీటర్లు తోడగలదు. పూర్తిగా వదిలితే రెండున్నర నిమిషాల్లో ట్యాంకు గుల్ల. అలా ఎవరూ వదలరు. 16 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టి, 7 కిలోల ప్రెషర్‌తో, పాత గేజీల భాషలో వంద పౌండ్లతో, ఒక్క బ్రాంచి, అంటే హోసు చివర మేం పట్టుకుని కొట్టే గొట్టం, కొడితే నిమిషానికి 450 లీటర్లు పోతాయి. అంటే సరిగ్గా పది నిమిషాలు. రెండు బ్రాంచీలైతే ఐదు. మీ ఊళ్లో పది నిమిషాలు కొట్టిందంటే నిండు ట్యాంకుతోనే వచ్చింది.

ఇంకా పెద్ద ట్యాంకు పెట్టొచ్చు కదా అంటారు. పెద్దవీ ఉన్నాయి, వాటర్ బౌజర్లంటారు. కానీ 4,500 లీటర్లంటేనే నాలుగున్నర టన్నులు. అదీ కదిలే బరువు. మలుపులో బండి ఇటు తిరిగితే నీళ్లు అటు తోస్తాయి. ట్యాంకు లోపల అడ్డంగా రేకులు పెట్టి ఆ ఊపుని తగ్గిస్తారు, పూర్తిగా ఆపలేరు. నిండు ట్యాంకు కంటే సగం ట్యాంకు తోలడమే కష్టం. అందుకని కూడా సగంతో బయల్దేరం. మన పల్లెల దారులు, కాలవల మీద కల్వర్టులు మోయగలిగిన బండే మీ ఊరికొస్తుంది.

అసలు సంగతేమిటంటే ఫైరింజన్ నీళ్లు మోసే బండి కాదు, నీళ్లు తోడే బండి. ట్యాంకు నీళ్లు ఆరంభానికి. అవి అయ్యేలోపు చెరువుకో, నూతికో, కాలవకో పంపు తగిలించాలి. పాతవాటికి ఈ ట్యాంకు కూడా ఉండేది కాదు. 1721లో లండన్‌లో రిచర్డ్ న్యూషామ్ పేటెంటు తీసుకున్న చేతిపంపులో చిన్న తొట్టి ఉండేది, జనం వరసగా నిలబడి బకెట్లందిస్తూ దాన్ని నింపేవారు. రెండు పక్కల పొడవాటి కర్రలు పట్టుకుని మనుషులు పైకీ కిందకీ కొట్టాలి. లండన్‌లో ఆ కర్ర కొట్టడానికొచ్చిన జనానికి కూలితో పాటు బీరు కూడా పోసేవారట. బీరు ఆగితే పంపూ ఆగేది. 1829లో బ్రెయిత్‌వెయిట్, ఎరిక్సన్ ఆవిరి పంపు చేశారు. దాన్ని గుర్రాలు లాగేవి, బాయిలరుకి దారిలోనే నిప్పు పెట్టేవారు. అదీ అంతే, ముందు నీళ్ల దగ్గరికి వెళ్లి, అక్కణ్ణుంచి మంట దాకా హోసు పరిచేది. నీళ్లెక్కడున్నాయన్నదే ఆనాటి మొదటి ప్రశ్న. మనం ట్యాంకు వచ్చాక ఆ ప్రశ్న అడగడం మర్చిపోయాం.

ఇక చెరువు దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. ఇది చాలామంది చూసి, వీళ్లకి పని రాదనుకునే ఘట్టం. బండి గట్టు మీద ఆగుతుంది. గట్టి సక్షన్ హోసు ముక్కలు ఒకదానికొకటి బిగిస్తాం. చివర ఇత్తడి స్ట్రెయినరు, అంటే చెత్త ఆపే జల్లెడ. మన చెరువుల్లో గుర్రపుడెక్క ఎక్కువ, అందుకని స్ట్రెయినరుని ఒక తట్టలో పెట్టి తాడుకట్టి దించుతాం. స్ట్రెయినరు బురదకి తగలకూడదు, నీటి మట్టానికి దగ్గరగానూ ఉండకూడదు, గాలి లాగేస్తుంది. ఇప్పుడు పంపు తిప్పితే నీళ్లు రావు! ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు వాటంతటవే పంపులోకి దిగుతాయి. చెరువు పల్లంలో ఉంది. ఇప్పటి పంపులన్నీ సెంట్రిఫ్యూగల్. నీళ్లుంటే విసిరికొడతాయి గానీ గాలిని లాగలేవు. అందుకని ప్రైమరు అని ఇంకో చిన్న యంత్రం ముందు గొట్టంలో గాలిని తీసెయ్యాలి.

అప్పుడు డ్రైవరు ఒక గేజి వైపే చూస్తూ నిలబడతాడు. దాన్ని కాంపౌండ్ గేజి అంటారు, సున్నాకి ఒక పక్క ప్రెషరు, రెండో పక్క వ్యాక్యూమ్. ముల్లు వ్యాక్యూమ్ వైపు మెల్లగా జరుగుతుంది. గొట్టం ఒక్కసారి జలదరించినట్టు కదుల్తుంది, రెండో గేజిలో ప్రెషరు ముల్లు టక్కున లేస్తుంది. నీళ్లు ఎక్కాయన్నమాట. ముల్లు కదలకపోతే ఎక్కడో గాలి దూరుతోంది. కప్లింగు దగ్గర రబ్బరు వాషరు ఎండి పగిలుండొచ్చు. చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా ఈల వినిపిస్తుంది. ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని, కానీ వెనక కుప్ప తగలబడుతుంటే "బేగి కానియ్యండి బాబూ" అని ఊరంతా మీదపడుతుంది. వాళ్ల తప్పేం లేదు.

న్యూషామ్ కాలపు పిస్టన్ పంపులకి ఈ ప్రైమరు గొడవ లేదు, మన బోరింగు పంపులాగే అవే గాలినీ లాగేసుకునేవి. కొత్తది కదా అని అన్నిట్లో మెరుగనుకోకండి.

లోతుకి కూడా హద్దుంది. గాలి ఒత్తిడే నీటిని గొట్టంలోకి తోస్తుంది కాబట్టి లెక్క ప్రకారం పది మీటర్లు పైచిలుకు, ఆచరణలో ఏడు మీటర్లు. సుమారు ఇరవై మూడు అడుగులు. వేసవిలో మీ నూతిలో నీళ్లు అంతకంటే కిందకి దిగాయా, నుయ్యి పక్కనే బండి పెట్టినా చుక్క రాదు. కాబట్టి ఎండలు ముదరకముందే మీ పల్లెలో ఎండని చెరువు ఏదో, దాని గట్టు దాకా లారీ వెళ్లే దారుందో లేదో చూసి పెట్టుకోండి. గట్టు మీద పెంట కుప్పలు వేస్తే ఆ దారి పోయినట్టే. ఫోను చేసినప్పుడు "గడ్డి తగలబడుతోంది" అనడంతో ఆపకుండా "చెరువు ఫలానా పక్కనుంది, బండి వెళ్తుంది" అని ఒక్క ముక్క కలపండి. 101కైనా సరే, 112కైనా సరే. కుప్పకీ కుప్పకీ మధ్య ఎడం కూడా ఉంచండి. ఒకదానికొకటి ఆనించి వేస్తే పది బళ్లొచ్చినా లాభం లేదు.

ప్రశ్న: ఫైర్ స్టేషన్ వెనక గుడి గోపురంలాగా ఎత్తుగా కడతారు. దేనికి?
– ఒక విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: హోసులు ఆరబెట్టడానికమ్మా. పని అయ్యాక హోసు కడిగి, నిలువునా వేలాడదీస్తే నీరంతా దిగి ఆరుతుంది. తడిగా చుడితే కుళ్లుతుంది. నేను చేరిన కొత్తలో కాన్వాసు హోసులు ఎక్కువ. వాటిలోకి నీళ్లు రాగానే మొదట ఒళ్లంతా చెమట పట్టినట్టు కారేవి, నార ఉబ్బాక ఆగేవి. ఇప్పుడు లోపల రబ్బరున్నవి వచ్చాయి, వాటికి అంత తడి బాధ లేదు. అంతకు ముందు కాలంలో, అంటే 1670ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, యాన్ వాన్ డెర్ హైడెన్ తోలు హోసులు చేశాడు. ఆయన వృత్తికి చిత్రకారుడు. గోపురం ఎక్కి నిచ్చెన డ్రిల్లు కూడా చేస్తాం, అది వేరే.

ప్రశ్న: మా జీడిపప్పు ఫ్యాక్టరీలో తొక్కల గుట్ట అంటుకుంది. నీళ్లు కొట్టినా నల్లపొగతో మళ్లీ మళ్లీ లేచింది. ఫోమ్ టెండర్ అని ఇంకోటి ఉంటుందట, తేడా ఏమిటి?
– ఒక వ్యాపారి, పలాస

జవాబు: జీడిపిక్క తొక్కలో ఉన్నది నూనె. చేతికంటితే బొబ్బలెక్కించే ఆ నూనె మంటకి మహా ఇష్టం. గుట్టగా ఉన్న తొక్కల్ని నీళ్లతో చల్లార్చొచ్చు, కానీ పారతో, వీలైతే జేసీబీతో గుట్టని విప్పుతూ కొట్టాలి. పైపైన కొడితే నీళ్లు జారిపోతాయి, లోపల రాజుతూనే ఉంటుంది. నూనె తీసి డ్రమ్ముల్లో, ట్యాంకుల్లో పెట్టారే, అది అంటుకుంటే కథ వేరు. నూనె నీటి మీద తేలుతుంది. మీరు పోసిన నీరు అడుక్కి వెళ్లి ఆవిరై, పైనున్న మండే నూనెని ఎగజిమ్ముతుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు కావాలి మరి.

ఫోమ్ టెండర్‌లో నీళ్ల ట్యాంకు పక్కనే ఫోమ్ ద్రవం ట్యాంకు ఉంటుంది. రకాన్ని బట్టి నూటికి మూడో, ఆరో పాళ్లు నీళ్లలో కలుస్తుంది. బ్రాంచి దగ్గర గాలి కలిసి నురగవుతుంది. ఆ నురగ నూనె మీద దుప్పటిలా పరుచుకుని గాలి అందకుండా చేస్తుంది. దాన్ని మంట నడిబొడ్డున గుచ్చినట్టు కొట్టకూడదు, అవతలి గోడకి కొట్టి మెల్లగా జారనివ్వాలి. పరుచుకున్నాక దాని మీద మళ్లీ నీళ్లు కొట్టడం ఇంకా పెద్ద పొరపాటు, కప్పిన నురగ చిరిగిపోతుంది. పొడి మందు బండి ఇంకోటి, డీసీపీ టెండర్. అందులో పొడి, దాన్ని తోసే గ్యాసు సిలిండర్లు. గ్యాసు మంటలకి, రసాయనాలకి. మంట టక్కున ఆగుతుంది గానీ చల్లబడదు, వేడిగా ఉన్న ఇనుము తగిలి మళ్లీ అంటుకుంటుంది. అందుకే ఒకదాని వెనక ఇంకోటి వాడతాం.

ఇంట్లో బజ్జీల మూకుడు అంటుకున్నా ఇదే న్యాయం. నీళ్లు పొయ్యకండి. స్టవ్ ఆపి, మూత పెట్టి, దాని మానాన దాన్ని చల్లారనివ్వండి.

ప్రశ్న: నేను జూట్ మిల్లులో చేశాను. ఒకసారి బేళ్ల గోదాము అంటుకుంటే మంట ఆరిపోయాక కూడా రెండు రోజులు బండి అక్కడే ఉంచారు. నీళ్లు దండగ కాదా?
– ఒక రిటైర్డ్ కార్మికుడు, నెల్లిమర్ల

జవాబు: కాదు. గోగునార బేలు మంట ఆరినట్టే ఉంటుంది, లోపల సిగరెట్టులా రాజుతుంటుంది. మీకు తెలియంది కాదు. అందుకని ఒక్కొక్క బేలూ బయటికి లాగి, కోసి, తడపాలి. మాకు ఇంకో భయం కూడా ఉంటుంది. నార నీళ్లు తాగి ఉబ్బుతుంది. గోడల దాకా గట్టిగా పేర్చిన బేళ్లు ఉబ్బితే గోడని బయటికి తోసేస్తాయి. మేడ మీద పేరిస్తే ఆ తడి బరువుకి అంతస్తు కూలొచ్చు. అందుకే మంట తగ్గాక గోదాములోకి దూరనివ్వకుండా మిమ్మల్ని ఆపేది.

బేళ్ల మంట ఎంత మోసకారో మన దేశానికి 1944 ఏప్రిల్ 14న తెలిసింది. బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి కలిపి ఎక్కించారు. పత్తి అంటుకుంది. గంటల తరబడి నీళ్లు కొట్టినా లోపలి మంట దొరకలేదు. ఆఖరికి ఓడ పేలింది. పోయినవాళ్లలో అరవై మందికి పైగా ఫైర్ సిబ్బందే. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వాళ్ల పేరు మీదే. మా స్టేషన్లో ఆ రోజు పొద్దున్నే రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, ఆ తరవాత బడిపిల్లలకి బండి చూపించేవాళ్లం. పిల్లలందరికీ కావలసింది సైరనే అనుకోండి.

ప్రశ్న: భోగాపురం ఎయిర్‌పోర్టు బళ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటాయంటున్నారు. ఫైరింజన్ ఎర్రగా ఉండాలి కదా?
– ఒక ఇంటర్ విద్యార్థి, భోగాపురం

జవాబు: ఉండాలని లేదు తమ్ముడూ. విమానాశ్రయాలకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఎరుపైనా సరే, ఆకుపచ్చ కలిసిన పసుపైనా సరేనని చెబుతుంది. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు నల్లబడిపోతుంది, ఆ పసుపు నిలబడుతుంది. నాకు మాత్రం ఎరుపే ఇష్టం, అది వయసు జబ్బు.

రంగు కంటే ఆ బండి పని తీరు చూడు. విమానం మంటల్లో ఉంటే రన్‌వే చివరికైనా మూడు నిమిషాల్లోపు, వీలైతే రెండింట్లో చేరి నురగ కొట్టడం మొదలెట్టాలి. అందుకే గడ్డిలో, బురదలో కూడా పోయేలా అన్ని చక్రాలకీ ఇంజను శక్తి ఇస్తారు. కప్పు మీద మోనిటర్ అనే పెద్ద నాజిల్ ఉంటుంది, దాన్ని క్యాబిన్‌లో కూర్చునే తిప్పుతారు. అసలు గొప్ప, ఆ బండి నడుస్తూనే కొట్టగలదు. మా వాటర్ టెండర్‌లో అది కుదరదు. బండి ఆపి, పవర్ టేకాఫ్ లివరు లాగితే ఇంజను శక్తి చక్రాల్నొదిలి పంపుకెళ్తుంది. చక్రాలా, పంపా, ఏదో ఒకటే. ఎయిర్‌పోర్టు బండిలో రెండూ ఒకేసారి నడిచేలా ఏర్పాటుంటుంది. పెద్దవాటిలో పదివేల లీటర్లకి పైన నీళ్లుంటాయి. అక్కడ చెరువు వెతికే టైముండదు కదా. పల్లెలో మాత్రం ఆ బండి పనికిరాదు, మొదటి మలుపులోనే ఇరుక్కుంటుంది.

ప్రశ్న: విజయనగరంలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. సినిమాల్లో చూపించే పొడుగు నిచ్చెన బండి ప్రతి ఊరికీ ఎందుకివ్వరు?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: ఖరీదు ఒకటమ్మా, చోటు ఇంకోటి. ఆ తిరిగే నిచ్చెన్ని టర్న్‌టేబుల్ లాడర్ అంటారు. జర్మనీలో ఉల్మ్ పట్టణపు మాగిరుస్ కంపెనీ 1892లోనే గుర్రాలు లాగే బండి మీద చేసింది. నిచ్చెనకి బదులు మడతపడే చేయి, చివర తొట్టి ఉండేదాన్ని హైడ్రాలిక్ ప్లాట్‌ఫారం అంటారు. రెండిట్లో ఏదైనా లేవాలంటే ముందు నాలుగు మూలలా జాకీలు చాపి నేలకి ఆనించాలి. కోట చుట్టుపక్కల సందుల్లో, కరెంటు తీగల కింద, ఆపిన స్కూటర్ల మధ్య ఎక్కడ చాపుతారు? మీ అపార్టుమెంటు చుట్టూ బండి తిరిగే ఖాళీ వదిలారా, మెట్ల దారిలో పాత సోఫాలు లేకుండా ఉన్నాయా, పైన ట్యాంకు నీళ్లు హోసు రీలు దాకా నిజంగా వస్తున్నాయా, ఇవి చూడండి. పై అంతస్తుల్లో ప్రాణాలు దక్కేది ఎక్కువగా మెట్లవల్లే.

సందుల కోసం బుల్లెట్ మోటార్‌సైకిల్ మీద చిన్న సిలిండర్లు పెట్టిన మిస్ట్ బళ్లొచ్చాయి. మొదట్లో నేనూ నవ్వాను. నీళ్లని మంచులా చిమ్ముతుంది, కొద్ది నీళ్లే గానీ చుక్క చిన్నదైనకొద్దీ త్వరగా ఆవిరై వేడి లాగేస్తుంది. దుకాణంలో అప్పుడే మొదలైన మంటకి సరిపోతుంది. ముదిరిన మంటకి సరిపోదు.

ప్రశ్న: తిత్లీ తుపానప్పుడు మా రోడ్డు మీద కొబ్బరిచెట్లు కోసింది ఫైర్ వాళ్లే. అది వాళ్ల పనేనా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మా పనే. 2018 అక్టోబరు 11 తెల్లారేసరికి ఉద్దానంలో రోడ్డనేది కనిపించలేదు, చెట్లు కొయ్యకపోతే అంబులెన్సు కూడా కదలదు. రెస్క్యూ టెండర్ అనే బండిలో నీళ్లు కొంచెమో, అసలు లేకుండానో ఉంటాయి. రంపాలు, ఇనుము కోసే హైడ్రాలిక్ కత్తెరలు, దీపాలు, జనరేటరు, తాళ్లు ఉంటాయి. హైవే మీద లారీ క్యాబిన్‌లో ఇరుక్కున్న డ్రైవర్ని బయటికి తీసేది ఆ కత్తెరలే.

ప్రశ్న: పాత మిల్లు సామాన్ల వేలంలో మా నాన్న రెండు చక్రాల ట్రెయిలర్ పంపు కొన్నారు. మీద కోవెంట్రీ క్లైమాక్స్ అని ఉంది. తుప్పు పట్టింది గానీ అన్ని భాగాలూ ఉన్నాయి. ఎర్ర రంగు వేసి ఇంటి ముందు పెడదామంటున్నారు. నాకు నడపాలనుంది.
– ఒక మెకానిక్, ఇచ్ఛాపురం

జవాబు: మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి, మంచి బేరం చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు మీద బాంబులు పడుతుంటే పెద్ద ఫైరింజన్లు చాలక ఇలాంటి ట్రెయిలర్ పంపులు వేలకొద్దీ చేశారు. లండన్‌లో వాటిని టాక్సీల వెనక కట్టి లాక్కెళ్లారు. తరవాత ఆ కంపెనీ ఇద్దరు మనుషులు మోసుకెళ్లే పంపు కోసమని తేలికైన అల్యూమినియం ఇంజను చేసింది. దాన్నే మార్చి రేసుకార్లలో పెట్టారు. 1959, 1960ల్లో ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ గెలిచిన కూపర్ కార్లకున్నవి కూడా కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజన్లే. మీ పంపు వాళ్ల బంధువన్నమాట.

రంగు ఆఖర్న. ముందు హ్యాండిల్ పెట్టి గట్టిగా తిప్పెయ్యకండి. ప్లగ్గులు తీసి, ఆ కంతల్లో కాస్త డీజిలు, కాస్త ఇంజనాయిలు కలిపి పోసి కొన్నాళ్లు వదిలెయ్యండి. తరవాత చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించండి. కదిలిందంటే సగం పని అయినట్టే. పెట్రోలు ట్యాంకు విప్పి కడగండి, లోపల పాత పెట్రోలు జిగురై ఉంటుంది. ఇత్తడి కప్లింగుల మీద, గేజీల మీద, కంపెనీ పలక మీద రంగు పడనివ్వకండి. పలక మీది నంబరే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది.

ఇంజను పలికాక నీళ్లు లేకుండానే ఒక పరీక్ష చెయ్యండి. సక్షన్ మూతి మీద మూత బిగించి, డెలివరీ వాల్వులు మూసి, ప్రైమరు వెయ్యండి. వ్యాక్యూమ్ ముల్లు ఇరవై అంగుళాలు దాటాలి, ప్రైమరు ఆపాక గబుక్కున పడిపోకూడదు. పడితే వాషర్లు మార్చండి, పంపు షాఫ్టు చుట్టూ ఉండే గ్లాండ్ ప్యాకింగ్ చూడండి. ఆ పరీక్షప్పుడు నీళ్లు లేకుండా ఎక్కువసేపు తిప్పకండి, సీళ్లు కాలిపోతాయి. అది నిలబడితే చెరువుకి తీసుకెళ్లండి. పని అయ్యాక కేసింగు అడుగున చిన్న డ్రెయిన్ కాక్ ఉంటుంది, దాన్ని తెరిచి నీళ్లన్నీ వదిలి, తెరిచే ఉంచండి. మిల్లువాళ్లు అది చెయ్యకపోవడం వల్లే మీకు తుప్పు వచ్చింది.